నీలం పేలికలు

ఎదురింటి బొత్తాలావిడకి ఎవరు చెప్పారో తెలీదు గానీ, ఆవిడ చెప్పిందంటూ కేకలమ్మకి కూతురు చెప్పింది. లాండ్రీలో కేకలమ్మ చోటు ఊడిందట. కొత్తగా చేరిన పడుచుపిల్లని యజమాని బావమరిది తీసుకొచ్చి, బట్టల కట్టలు కిందికి వదిలే జారుడు దగ్గర నిలబెట్టాడట. ఆ పిల్లకి నోరు సరిగా తిరగదట, అయినా దాన్నే ఏరి మరీ పెట్టాడట. ఇక ముసలావిడ ఇంట్లో కూర్చుని గోడలకి కేకలు వేసుకోవాల్సిందేనట.

"'మీ అమ్మ నీకింకా చెప్పలేదా' అని ఎదురు నన్నే అడిగిందమ్మా, చేతిలో చొక్కా మీంచి తలైనా ఎత్తకుండా" అంది కూతురు, టీ గ్లాసు ముందు పెడుతూ.

"ఊరందరి చొక్కాలకీ బొత్తాలు కుడుతుంది, తన నోటికి మాత్రం ఒక్కటి కుట్టుకోదు" అంది కేకలమ్మ. "చోటు ఊడితే ముందు నాకు తెలీదూ? నాకు నొప్పెట్టదూ?"

కూతురు నవ్వింది. అల్లుడు నవ్వలేదు. అతను బస్సు డ్రైవరు, మాటలు పొదుపు. తింటున్న కంచం మీంచి తలెత్తి అత్తగారి చేతుల వైపు ఒకసారి చూసి, మళ్లీ తల దించుకున్నాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు. అయినా ఆ చూపు కేకలమ్మకి రోజంతా ఒంట్లో ముల్లులా కదులుతూనే ఉంది.

ఆ చేతులు ఒకప్పుడు దుప్పటి కొస పట్టుకుని విదిలిస్తే పక్క బల్ల మీది కాగితాలు లేచేవి. ఇప్పుడు వేళ్లు ముడుచుకుపోయి, కణుపులు ఉబ్బి, గ్లాసుని రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకోవాల్సి వస్తోంది. మడత పని చెయ్యలేనని తెలిసిన రోజున యజమాని ఆమెని పంపేసేవాడే. గొంతు కాపాడింది. చిన్నప్పుడు పొలం అవతలి గట్టు మీదున్న అన్నని పిలిచి పిలిచి సాగిన గొంతు అది. పాట పాడితే ఎవరూ వినలేరు గానీ, కేక వేస్తే వినకుండా ఉండలేరు. ఆ గొంతు పుణ్యాన ఆమె అల్లుడింట్లో ఉంటూ కూడా పనికెళ్లే మనిషి అయింది. పొద్దున వేడినీళ్లు ముందు ఆమెకే తోడిపెడతారు. కిటికీ పక్క కుర్చీ ఆమెది. రేపు పని పోయినా ఆ కుర్చీలోంచి ఎవరూ లేవమనరు, ఆ సంగతి ఆమెకీ తెలుసు. కానీ అప్పుడు ఆమే లేచేస్తుంది, ఎవరూ అనకముందే. అదీ ఆమె భయం.

ఇంతకీ బొత్తాలావిడ మాట పూర్తిగా అబద్ధమూ కాదు.

లాండ్రీ కింది అంతస్తులో ఉతుకుతారు, ఆరబెడతారు. పై అంతస్తులో ఆడవాళ్లు జతలు జతలుగా నిలబడి మడతలు పెడతారు. ఒకళ్లు ఇటు రెండు కొసలు, ఒకళ్లు అటు రెండు కొసలు పట్టుకుని, దగ్గరికి నడిచి, కొసలు అందించుకుని, మళ్లీ వెనక్కి జరుగుతారు. మడిచిన కట్టలకి తాడు వేసి మూలనున్న చెక్క జారుడులో వదిలితే, అవి కింద ప్యాకింగ్ గదిలో పడతాయి. లాండ్రీకి రెండు చోట్ల నుంచి బట్టలొస్తాయి, ఆసుపత్రి నుంచీ, పెద్ద హోటలు నుంచీ. రెండూ తెల్లవే. ఆసుపత్రి గుర్తు ఓ మూల ఉంటుంది గానీ మడతలో అది లోపలికి పోతుంది. కింద ఉన్నవాళ్లకి ఏ కట్ట ఎవరిదో తెలియాలంటే పైనుంచి ఎవరో ఒకరు చెప్పాలి. ఎప్పుడో ఒకసారి రోగులు పడుకున్న దుప్పట్లు హోటలు మంచాల మీదికి చేరి పెద్ద రభస అయింది. అప్పట్నించీ కేక లేనిదే కట్ట దిగకూడదని యజమాని మాట.

ఆ కేక కేకలమ్మది. జారుడు నోటి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటుంది. జతలవాళ్లు కట్ట తెచ్చి జారుడు అంచున పెట్టి చెవిలో చెబుతారు. ఆమె మెడ సాచి "ఆసుపత్రి పెద్దవీ...!" అంటుంది. "హోటలు గలీబులూ...!" అంటుంది. యంత్రాల రొదని చీల్చుకుంటూ ఆ కేక కిందికి దిగుతుంది. దాని వెనకే కట్ట దిగుతుంది.

అక్కడికి వచ్చింది ఆ పిల్ల. అనాథ పిల్లల హాస్టల్లో పెరిగి, వయసు దాటాక బయటికి పంపేస్తే, ఎవరి సిఫార్సుతోనో ఇక్కడ చేరింది. చురుకైన చేతులు. మాట మాత్రం మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుంటుంది. చేరిన రోజున బావమరిది పేరడిగాడు. ఆ పిల్ల మొదటి అక్షరాన్ని పట్టుకుని చాలాసేపు పెనుగులాడింది. అతను పక్కన మరో ఇద్దరిని పిలిచి మరీ నిలబెట్టి, గడియారం చూసుకుంటూ విన్నాడు. అప్పుడే అతనికి ఓ ఆటబొమ్మ దొరికింది.

అతను యజమాని ఒక్కడికే బావమరిది. అయినా లాండ్రీలో పనిచేసేవాళ్లందరికీ బావమరిదే, అదే అతని పేరూ, ఉద్యోగమూ. తాళాల గుత్తి ఒకటి వేలికి తగిలించుకుని తిప్పుతూ తిరుగుతాడు. ఆ తాళాలు ఏ గదులవో ఎవరూ చూడలేదు.

మధ్యాహ్నం టీ వేళకి పైకొస్తాడు. "కేకలమ్మా, నీ గొంతుకి కాస్త విశ్రాంతి ఇయ్యి. రేడియో పెడదాం" అంటాడు. ఆ పిల్లకి అతను పెట్టిన పేరు రేడియో. ఆ పిల్ల వచ్చి జారుడు ముందు నిలబడాలి. "ఆ... ఆ... ఆసు..." అంటూ ఉండగానే కింద అతని బంటులు నలుగురు జారుడులోకి తలలు పెట్టి "ఆ... ఆ... ఆ..." అని వంత పాడతారు. ఆ చెక్క గొట్టంలో గొంతు కిందికెంత బాగా దిగుతుందో పైకీ అంత బాగా ఎక్కుతుంది. మాట పూర్తికాకుండా కట్ట వదిలితే "వినపళ్లా!" అని పైకి విసురుతారు. కట్ట తాడు తెగి మడతలు చెదిరిపోతే మళ్లీ మడవాలి.

మిగతా ఆడవాళ్లు దుప్పట్ల వెనక మొహాలు దాచుకునేవారు. దుప్పటి ఎత్తి పట్టుకుంటే మొహం కనపడదు, అదొక సుఖం ఆ పనిలో. పొట్టక్క మాత్రం పళ్లు కొరికేది. ఒకప్పుడు కేకలమ్మకి జత ఆమె. ఇప్పుడు ఆ పిల్లకి జత. ఎత్తు చాలక దుప్పటి కొస నేల రాస్తుందని అందరూ ఆటపట్టిస్తే, "నేను పొట్టి కాదు, మీ దుప్పట్లే పొడుగు" అనే మనిషి.

మరి కేకలమ్మ? స్టూలు మీద నుంచి లేచి, గోడకి ఆనుకుని నిలబడి, చూసేది. చూస్తున్నంతసేపూ కడుపులో రెండు మాటలు తిరిగేవి. పాపం పిల్ల, అనేది ఒకటి. ఈ పిల్ల ఎంత తడబడితే నా చోటు అంత గట్టిది, అనేది రెండోది. రెండోదాన్ని ఆమె పైకి రానిచ్చేది కాదు. కానీ అది అక్కడే ఉందని ఆమెకి తెలుసు.

ఓ పొద్దున ఆమె పనికొచ్చేసరికి జారుడు అంచు మీద ఓ కట్ట ఉంది. తాడుకి నీలం గుడ్డ పేలిక ఒకటి ముడేసి ఉంది. చక్కగా, జడకి కట్టిన రిబ్బనులా. పక్కనే ఆ పిల్ల నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది.

"ఏంటే ఇది?"

"నీ... నీలం ఆ... ఆసుపత్రి" అంది పిల్ల. "ప్లె... ప్లెయిన్‌గా ఉంటే హో... హో..." అని ఆగి, చేత్తో కిందికి చూపించి, మీసం మెలేసినట్టు చూపించింది. ప్యాకింగ్ గదిలో పెద్ద మీసాలాయన ఉన్నాడు, బంటుల్లో చేరని మనిషి. ఆయనకి ముందే చెప్పి ఒప్పించిందన్నమాట. తన పాత గౌను చింపి తెచ్చిన పేలికలు జేబులో ఇంకా చాలా ఉన్నాయి.

కేకలమ్మకి విషయం తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. పేలిక ఉంటే ఆ పిల్ల కేక వెయ్యక్కర్లేదు. పేలిక ఉంటే ఎవరూ వెయ్యక్కర్లేదు. ఇన్నేళ్లూ ఇంత చిన్న గుడ్డముక్క చేసే పనిని తను గొంతు చించుకుని చేస్తోంది.

"ఇలాంటివి పనికిరావే" అంది. గొంతు ఎంత మెత్తగా ఉందంటే ఆమెకే ఆశ్చర్యం వేసింది. "రంగు గుడ్డ తెల్లబట్టకి అంటుతుంది. ఆసుపత్రివాళ్లు ఊరుకోరు. నీ మంచికే చెబుతున్నా."

వంకర వేళ్లతో ముడి విప్పలేక, పళ్లతో లాగి విప్పింది. పేలికని తన సంచిలో పడేసుకుంది. పిల్ల ఒక్క క్షణం చూసి, తలూపింది.

"స... సరే పెద్దమ్మా" అంది. పైగా "థ్యాంక్స్" అంది. అది మాత్రం తడబడకుండా వచ్చింది.

ఆ మధ్యాహ్నమే బావమరిదికి ఇంకో సరదా పుట్టింది. రేడియో సరిగ్గా పలికేదాకా పై అంతస్తులో ఎవరికీ టీ లేదన్నాడు. టీ పాత్ర గుమ్మం దగ్గరే ఉంది, పొగలు కక్కుతూ. "మీరంతా నా మీద కోపం తెచ్చుకోకండి, నేనేం చేశాను? ఈవిడ రెండు మాటలు అంటే అయిపోతుంది" అన్నాడు. అది అతని తెలివి. అందరి దాహాన్నీ ఆ పిల్ల నాలుక మీద పెట్టాడు.

పిల్ల ప్రయత్నించింది. కింద వంత మొదలైంది. మళ్లీ ప్రయత్నించింది. ఎవరో ఒకావిడ, పేరెందుకులే, "ఏదోటి అనవే తల్లీ, కాళ్లు పీకుతున్నాయి" అని విసుక్కుంది. అప్పుడు ఆ పిల్ల తన మొహం ఎవరికీ కనపడకుండా తలని జారుడులోకి పెట్టేసింది. మునివేళ్ల మీద లేచి, మడమలు గాల్లో వణుకుతూ, నడుం దాకా ఆ చీకటి గొట్టంలోకి వంగిపోయింది. లోపలేం జరుగుతోందో ఎవరికీ తెలీదు. మాటా రాలేదు, ఏడుపూ రాలేదు. కాసేపటికి కింద చప్పట్లు మొదలయ్యాయి.

కేకలమ్మ ఆ మడమల్నే చూస్తూ నిలబడిపోయింది.

మర్నాటి నుంచి ఆ పిల్ల మాట్లాడ్డం మానేసింది. అంతకుముందు తడబడుతూనే పొట్టక్కతో కబుర్లు చెప్పేది. హాస్టల్లో వంటావిడ గురక, బస్సులో పక్కసీటువాళ్ల పోట్లాట, అన్నీ చెప్పేది. ఒక్కో వాక్యం ఒక్కో దుప్పటి మడత పూర్తయ్యేదాకా సాగేది. పొట్టక్కకి అదే బాగుండేది. ఇప్పుడు మంచినీళ్లు కావాలన్నా గ్లాసు చూపిస్తోంది. బావమరిది పిలిస్తే వెళ్లి జారుడు దగ్గర నిలబడుతుంది, నోరు తెరుస్తుంది, గాలి తప్ప ఏమీ రాదు. అతనికి అది మరీ నచ్చింది. "రేడియోలో బ్యాటరీ అయిపోయింది" అని అందరికీ చెప్పుకున్నాడు.

సెలవురోజున కూతురు బట్టలు ఉతకబోతూ తల్లి సంచి దులిపింది. నీలం పేలిక రాలింది.

"ఇదెక్కడిదమ్మా? చెత్తలో వేసెయ్యనా?"

"అక్కడ పెట్టు."

"అవునూ, ఆ పిల్ల పుట్టుమూగదటగా? బొత్తాలావిడ అంది. మూగదాన్ని తీసుకొచ్చి కేకలకి పెట్టుకుంటారా ఎక్కడైనా, మీ అమ్మ చోటు పదిలం, అదృష్టవంతురాలు అంది."

కేకలమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురింట్లో బొత్తాలావిడ వీధిగుమ్మంలో, ఒడి నిండా చొక్కాలతో, దారం పళ్లతో కొరుకుతూ కనిపిస్తోంది.

"మూగది కాదు" అంది కేకలమ్మ.

"అందరూ అంటున్నారు కదమ్మా."

"కాదన్నానా! అయింది. మేమంతా కలిసి చేశాం. నేను ముడి విప్పాను" అంది. కూతురికి ఒక్క ముక్క అర్థం కాలేదు. తల్లి మొహం చూసి మళ్లీ అడగలేదు.

ఆ సాయంత్రం కేకలమ్మ తన మంచం మీది నీలం దుప్పటి తీసింది. మెత్తగా అయిపోయిన పాత దుప్పటి, ఎన్ని ఉతుకులైనా రంగు మాత్రం వదలనిది. రంగు అంటుతుందన్న అబద్ధానికి అదే సాక్ష్యం. వేళ్లు పట్టు దొరక్క, ఓ కొస కాలి కింద తొక్కిపెట్టి, ఇంకో కొస మణికట్టుకి చుట్టుకుని, ఒళ్లంతా వెనక్కి వాల్చి చింపడం మొదలెట్టింది. చిరుగుతున్న చప్పుడుకి అల్లుడు గుమ్మంలోకి వచ్చాడు. కాసేపు చూశాడు. ఎందుకని అడగలేదు. కింద కూర్చుని, ఆమె చేతిలోంచి కొస తీసుకుని, తనే చింపి ఇచ్చాడు.

"అత్తయ్యా, ఇంత వెడల్పు చాలా?" అన్నాడు.

"చాలు నాయనా" అంది.

మర్నాడు పొద్దున బావమరిది రాకముందే ఆడవాళ్లందరినీ మడత బల్ల చుట్టూ పిలిచింది. పేలికల మూట విప్పింది. ఏ కట్టకి కట్టాలో, ఎలా కట్టాలో చెప్పింది. ఇది తన తెలివి కాదనీ, పిల్లదనీ, తనే విప్పి దాచేశాననీ కూడా చెప్పింది. పిల్ల తల దించుకుని తన చెప్పుల వైపు చూసుకుంటోంది.

పొట్టక్క అందరికంటే ముందు అర్థం చేసుకుంది. "పేలికలు కడితే కేక అక్కర్లేదు" అంది మెల్లగా. "నీ నోట్లో నువ్వే మట్టి కొట్టుకుంటున్నావు అక్కా."

"తెలుసు."

"తెలిస్తే సరిపోయిందా? రేపు ఏం చేస్తావు?"

"రేపటి సంగతి నన్ను అడుగు. ఇవాళ్టి సంగతి మిమ్మల్ని అడుగుతున్నాను. టీ ఆపుతాడు. ఇంకేమైనా చేస్తాడు. ఎవరికి భయమైతే వాళ్లు కట్టకండి. నేనేమీ అనుకోను. నేనూ ఇన్నాళ్లూ గోడకి ఆనుకుని నిలబడ్డదాన్నే."

కింద యంత్రాలు తిరగడం మొదలైంది, నేల సన్నగా అదురుతోంది. అప్పుడు మొన్న విసుక్కున్న ఆవిడే ముందుకొచ్చి, పేలికలు గుప్పెడు తీసుకుని, ఎవరి మొహమూ చూడకుండా తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. తర్వాత ఒకరి వెనక ఒకరు.

ఆ రోజు పై అంతస్తు నోరు మూసుకుంది. ఆసుపత్రి కట్టలు నీలం ముళ్లతో దిగాయి. హోటలు కట్టలు ఏమీ లేకుండా దిగాయి. కింద మీసాలాయన ఎటువి అటు సర్దుకుంటున్నాడు. కేకలమ్మ స్టూలు మీద కూర్చుని, కట్టలు తన పక్కనుంచి జారిపోతుంటే చూస్తోంది. అలవాటు కొద్దీ ఒకసారి మెడ సాచి, నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. ఇన్నేళ్లలో ఆ జారుడు లోపలి చప్పుడు ఆమె ఎప్పుడూ వినలేదు. బట్ట చెక్కకి రాసుకుంటూ దిగే చప్పుడు. మెత్తగా, నిట్టూర్పులా ఉంది.

బావమరిది టీ వేళకి వచ్చాడు, తాళాలు తిప్పుకుంటూ. మెట్ల మీదే ఆగాడు. ఏదో తేడాగా ఉందని తెలుస్తోంది గానీ ఏమిటో తెలీలేదు. తర్వాత కట్ట మీది ముడి చూశాడు.

"ఏంటీ తోరణాలు? ఎవరి పెళ్లి?"

కట్టలు దిగుతూనే ఉన్నాయి.

అతను జారుడు అంచున ఉన్న కట్ట మీంచి పేలిక పీకి అవతల పారేశాడు. "కేక లేనిదే కట్ట దిగడానికి వీల్లేదు. రేడియో! ఇటు రా!"

పొట్టక్క ఇంకో పేలిక తీసి, ఆ కట్టకే కట్టి, లోపలికి తోసింది.

అతని మొహం కందిపోయింది. బల్లలు దాటుకుంటూ వెళ్లి ఆ పిల్ల జబ్బ పట్టుకున్నాడు. పిల్ల నోరు తెరుచుకుంది, అరుపు కూడా రాలేదు. అప్పుడు కేకలమ్మ స్టూలు మీంచి లేచింది. ఏం చెయ్యాలో ఆమెకేం తెలీదు. వెళ్లి, ఆ చేతకాని చేతులు రెండూ అతని మణికట్టు మీద వేసి, పట్టుకోలేక, ఊరికే ఆనించి నిలబడింది.

"వదులు బాబూ."

"చెయ్యి తియ్యి ముసలమ్మా!"

"తీస్తాను. ముందు నువ్వు వదులు."

ఎవరు ముందు కదిలారో తర్వాత ఎవరూ చెప్పలేకపోయారు. పక్క బల్ల జత తాము మడుస్తున్న దుప్పటిని అలాగే విప్పి పట్టుకుని, చెరో వైపు నుంచీ వచ్చి, పిల్లకీ అతనికీ మధ్య గోడలా నిలబెట్టారు. దాని వెనక ఇంకో జత. ఇంకో జత. పొట్టక్కకి జత లేకపోయింది, దుప్పటి ఓ కొస పంటితో కరిచి, రెండో కొస చేత్తో ఎత్తి పట్టుకుంది. కొత్తగా ఉతికిన తెల్లటి దుప్పట్లు, ఒకదాని వెనక ఒకటి. ఈసారి వాటి వెనక ఎవరూ మొహాలు దాచుకోలేదు. అంచుల మీంచి అందరి కళ్లూ అతన్నే చూస్తున్నాయి. అతని చెయ్యి జారిపోయింది.

బావమరిది జారుడు దగ్గరికి ఉరికాడు. "ఒరేయ్! అందరూ పైకి రండ్రా!" అని లోపలికి అరిచాడు.

జవాబు రావడానికి కొంచెం ఆలస్యమైంది. వచ్చింది మీసాలాయన గొంతు, తాపీగా. "ఎవరూ రారండీ. ఇక్కడ పనుంది. కట్టలు సరిగ్గానే వస్తున్నాయి, పంపండమ్మా."

అప్పుడే యజమాని వచ్చాడు. ఆయన గది కిందే, జారుడు గోడకి అవతల. పొద్దుట్నించీ కేకలు వినపడక, పని ఆగిపోయిందేమోనని కంగారుపడి ఎక్కివచ్చాడు. ఆయాసపడుతూ దుప్పట్ల గోడని చూశాడు, బావమరిదిని చూశాడు. అందరూ ఒక్కసారే చెప్పడం మొదలెడితే చెయ్యెత్తి ఆపాడు. కట్ట మీది పేలిక పట్టుకుని తిప్పి చూశాడు. రంగు అంటుతుందేమోనని తడి వేలితో రుద్దాడు. అంటలేదు. వ్యాపారం తెలిసిన మనిషి.

"పొద్దుట్నించీ ఒక్కటీ తారుమారు కాలేదా?" అని జారుడులోకి అడిగాడు.

"లేదండీ. కేకలకంటే ఇదే నయం" అంది కిందనుంచి మీసాలాయన గొంతు. మంచిమనిషి, కానీ ఆ మాట ఎవరికి తగులుతుందో ఆయన ఆలోచించలేదు.

యజమాని తలూపాడు. "బాగుంది. ఇలాగే కానివ్వండి" అన్నాడు. బావమరిది వైపు చూసి, "ఇక నువ్వు ఈ అంతస్తుకి రానక్కర్లేదులే" అన్నాడు గొణుగుతున్నట్టు, మనుషుల్లో పరువు పోకుండా. దుప్పట్లు కొద్దిగా దిగాయి.

కానీ బావమరిది నవ్వాడు. దెబ్బ తిన్నవాడు వెతుక్కునే చోటు అతనికి దొరికింది.

"సరే బావా, రాను. మరి కేకే లేకపోతే కేకలమ్మ ఎందుకు? ఈవిడ చేతులు చూడు, గలీబు కూడా మడవలేదు. ఇన్నాళ్లూ అరుపుల కోసం పెట్టుకున్నావు. ఇప్పుడు ఈవిడ పని గుడ్డముక్క చేస్తోంది కదా."

యజమాని ఆమె చేతుల వైపు చూశాడు. అచ్చం అల్లుడు చూసినట్టే చూశాడు. కేకలమ్మ వాటిని వెనక్కి దాచుకోలేదు.

"ఆ మాట నిజమేనండీ" అంది. "పేలికలు చింపి తెచ్చింది నేనే. తెలిసే తెచ్చాను."

"విన్నావా బావా, తనే ఒప్పుకుంటోంది!" అన్నాడు బావమరిది, తాళాల గుత్తి గాల్లోకి ఎగరేసి పట్టుకుంటూ. "పని లేని మనిషికి ఇక్కడ చోటెందుకు?"

దుప్పట్లు కదిలాయి. వాటి మధ్యనుంచి ఆ పిల్ల బయటికొచ్చింది. నోరు తెరిచింది. పెదాలు ముడుచుకున్నాయి, మెడ నరాలు బిగిశాయి, మొదటి అక్షరం దగ్గర ఎప్పట్లాగే ఇరుక్కుంది. ఈసారి కిందనుంచి వంత రాలేదు. పొట్టక్క మాట అందించబోయి, ఆగిపోయింది. యజమాని కూడా, ఎందుకో, మెట్ల వైపు తిప్పిన మొహాన్ని మళ్లీ ఇటు తిప్పాడు. అందరూ నిలబడి ఆగారు, ఆ పిల్లకి ఎంతసేపు పడితే అంతసేపూ.

"మ... మ... మరి" అంది ఆ పిల్ల, బావమరిది కళ్లలోకి చూస్తూ. "మీ... మీ... మీరెందుకు?"